ఏటి కన్నాలు

గోడ కూలిన నాలుగో రోజు పొద్దున్నే వీధిలోవాళ్లంతా కట్టగట్టుకుని చిన్న ఇంజినీరు దగ్గరికి వస్తున్నారని కబురు వచ్చింది. తిట్టడానికి వస్తున్నా బాగుండేది. వాళ్లు వస్తున్నది బతిమాలడానికి. ఆ మాట వినగానే అతనికి ఎటైనా పారిపోవాలనిపించింది. ఎందుకో తెలియాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్లాలి, అతనికి ఇష్టం లేకపోయినా సరే.

ఆ వీధి ఏటిని ఆనుకుని ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఏరు గట్టు దాటి ఇళ్ల మీదికి వస్తుంది. పిలవని చుట్టంలా రెండు రోజులు కూర్చుని, ఇంటినిండా బురద చేసి వెళ్లిపోతుంది. దాన్ని ఆపాలని అక్కడెవరూ ఎన్నడూ అనుకోలేదు. ఏటివైపు గోడకు కిటికీలు పెట్టరు. నేలకు జానెడు ఎత్తున మూడు కన్నాలు మాత్రం పెడతారు, ఒక్కొక్కటీ రెండు పిడికిళ్లు పట్టేంత. వాటికి లోపలివైపు చెక్క బిరడాలు. ఏరు పొంగిందని తెలియగానే ఆడవాళ్లు బిరడాలు లాగేస్తారు. నీళ్లు వాటి దారిన అవి ఇంట్లోకి వచ్చి మోకాలెత్తున నిలబడతాయి. గోడకు అటూ ఇటూ ఒకే ఎత్తున నీళ్లుంటే గోడ ఎటూ పడదు. కన్నంలోంచి తడి కనిపించాకే మిషన్లూ మంచాలూ బియ్యం డబ్బాలూ అటకెక్కుతాయి. కన్నం పొడిగా ఉందంటే ఏరింకా ఇంటిదాకా రాలేదనే లెక్క. ఇక ఎవరూ బయటికెళ్లి చూడరు.

ఆ వీధిలో సగం ఇళ్లు కట్టింది చిన్న ఇంజినీరు పెదనాన్న. డెబ్బై దాటినా తాపీ వదలని మనిషి, మాట పొదుపు. సెలవుల్లో తమ్ముడి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని పూత పెట్టడం నేర్పాడు. పూత అయ్యాక తాపీ మడమతో ఎడమవైపుకు వాలుగా ఒక గీత లాగి వదలాలి, అదే ఆయన పనికి గుర్తు. కుర్రతనంలో ఇతను ఎన్ని గోడలు పూసినా ఆయన దగ్గర్నుంచి "ఊఁ" తప్ప రెండో మాట వచ్చింది లేదు. ఆ "ఊఁ" తర్వాత ఆయనే వచ్చి మళ్లీ పూసేవాడు.

కుర్రాడు చదువుకున్నాడు, ఆఫీసులో చేరాడు, వీధి అతనికి చిన్న ఇంజినీరని పేరు పెట్టింది. అమ్మా నాన్నా పోయాక అదే వీధిలో, పెదనాన్న కట్టిన ఇంట్లో, అక్క దగ్గరే ఉంటున్నాడు. అక్క బట్టలు కుడుతుంది. బావ లారీ మీద నెలకు ఇరవై రోజులు బయటే.

ఒకరోజు ఆఫీసులో టీ తాగుతూ పెద్ద ఆఫీసరు అడిగాడు. "ఏమయ్యా, మీ వీధిలో ఎలుకలక్కూడా గుమ్మాలు పెడతారటగా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది చిన్న ఇంజినీరే. ఆ కన్నాలు ఎందుకో చెప్పడానికి రెండు ముక్కలు చాలు. ఆ రెండు ముక్కలూ నోట్లోంచి రాలేదు. పైగా, "పాతకాలం మనుషులు సార్, చెప్తే వినరు" అన్నాడు. పెదనాన్న పెట్టిన తిండి తిన్న నోటితోనే అన్నాడు.

తర్వాతి ఆదివారం మీ ఇంటికి భోజనానికి వస్తానన్నాడు ఆఫీసరు. ఏటి గట్టు మీదుగానే రావాలి, ఆ గోడ పక్కనుంచే నడవాలి. శనివారం అక్క కూరగాయలకు వెళ్లిన అరగంటలో చిన్న ఇంజినీరు తట్టెడు సిమెంటు మాలు కలిపి, మూడు కన్నాలనూ బయటివైపు నుంచి మూసేశాడు. పైన సున్నం కొట్టాడు. గోడ మూరెడు మందం, లోపల బిరడాలు ఎక్కడివక్కడే. ఇంట్లోవాళ్లకు తేడా తెలిసే వీల్లేదు. వానలకు ముందు తీసేద్దాంలే అనుకున్నాడు.

ఆఫీసరు వచ్చాడు. గట్టు పొడుగునా ఫోనులో మాట్లాడుతూనే నడిచాడు. గోడ వైపు చూస్తే ఒట్టు.

వానలు మొదలయ్యాయి. ఈ ఆదివారం తీద్దాం, వచ్చే ఆదివారం తీద్దాం అనుకుంటూనే నెల గడిచింది. ఒక పగలు పదకొండు గంటలకు ఏరు గట్టు దాటిందని ఆఫీసులో ఎవరో అన్నారు. చిన్న ఇంజినీరుకు మూసిన కన్నాలు గుర్తొచ్చాయి. వెంటనే ఫోను తీశాడు, అక్క పేరు మీద వేలు పెట్టాడు కూడా. ఏమని చెప్పాలి? కన్నాలు మూశానని చెప్తే ఎందుకు మూశావని అడుగుతుంది. పెదనాన్న కట్టిన గోడ, గట్టిదేలే, ఆగుతుందిలే అనుకున్నాడు. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

అదే సమయానికి ఏరు పొంగిందని విని అక్క మూడు బిరడాలూ లాగింది. చెయ్యి పెట్టి చూస్తే దుమ్ము తగిలింది. ఇంకా రాలేదనుకుని నింపాదిగా ఆ గోడ పక్కనే కుట్టుకుంటూ కూర్చుంది. గోడ అవతల నీళ్లు నడుమెత్తున నిలబడ్డాయి, వీధివైపు మెరక కాబట్టి అటు ఇంకా తడి లేదు. వీధి చివరింటి టీచరమ్మ జాకెట్టు కుట్టించుకోవాలని వచ్చి గుమ్మంలోంచి పిలిస్తే, కొలతలు తీసుకోవడానికి అక్క ముందు గదిలోకి వెళ్లింది. ఆ పిలుపే అక్కను బతికించింది. గోడ మొత్తం ఒక్కసారిగా లోపలికి పడింది, అమ్మ చేతి నుంచి తనకు వచ్చిన కుట్టుమిషను మీద.

వీధిలో కూలింది ఆ ఒక్క గోడే.

మూడు రోజులు అక్క ఒకటే మాట. "బిరడా లాగినప్పుడు నేనే సరిగ్గా చూసుండను. మిషను ముందే ఎత్తాల్సింది. నాదేరా బుద్ధిలేనితనం." పక్కనే కూర్చుని, తమ్ముడు "పోనీలే అక్కా" అన్నాడు. ఆ "పోనీలే" అన్నందుకు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది.

మూడో రోజు సాయంత్రం పెదనాన్న వచ్చి ఒక్కడే రాళ్లూ మట్టీ తీశాడు. సాయం చేస్తూ చిన్న ఇంజినీరు ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ముసలాయన చేతికి సిమెంటు బిళ్ల ఒకటి తగిలింది. తిప్పి చూశాడు. గోరుతో సున్నం గీకాడు. కింద, ఎడమవైపుకు వాలుగా లాగి వదిలిన గీత. కన్నాలు మూసే హడావుడిలో కూడా చిన్న ఇంజినీరు చెయ్యి నేర్చిన పని మానలేదు. పెదనాన్న ఆ బిళ్లను పనిముట్ల సంచీలో వేసుకుని, తలెత్తకుండా మళ్లీ మట్టి తీయడంలో పడ్డాడు. చిన్న ఇంజినీరుకు నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

తెల్లారి వీధి వచ్చింది. ముందు పాలాయన, వెనక టీచరమ్మ, ఆ వెనక ఇంకో పదిహేను మంది. పెదనాన్న కూలిన గోడ దగ్గరే సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు, అక్క ఆ పక్కనే నిలబడింది.

"పెద్దాయనా, ఏమనుకోకు," అన్నాడు పాలాయన. "మా ఇళ్లూ నువ్వే కట్టావు. ఇవాళ ఈ గోడ పడింది, రేపు మాది పడదని ఏంటి నమ్మకం?"

"నిజమే," అన్నాడు పెదనాన్న. "ఈ మధ్య చెయ్యి వణుకుతోంది. నా పనిలోనే ఎక్కడో లోపం ఉండుంటుంది."

ఆ గోడ కట్టి ముప్పై ఏళ్లయింది. అప్పుడాయన చెయ్యి వణకలేదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

పాలాయన చిన్న ఇంజినీరు వైపు తిరిగాడు. "అందుకే బాబూ, చదువుకున్నోడివి నీ దగ్గరకొచ్చాం. ఈ కన్నాల గోల ఇక మాకొద్దు. నువ్వే దగ్గరుండి మా ఇళ్లన్నిటికీ సిమెంటు పెట్టి మూయించు. ఏరు లోపలికే రాకుండా చెయ్యి. నువ్వు ఊఁ అంటే ఇవాళే మొదలెడతాం."

పదిహేడు జతల కళ్లు, అన్నిట్లోనూ నమ్మకమే. అంత మర్యాద అతనికి ఆ వీధిలో ఎప్పుడూ దక్కలేదు. ఊరుకుంటే వచ్చే వరదకు వీధికి వీధే కూలుతుంది. అప్పుడు టీచరమ్మ వచ్చి ప్రతి గుమ్మంలోనూ పిలవదు.

లేచి వెళ్లి పెదనాన్న సంచీలో చెయ్యి పెట్టాడు. ముసలాయన అతని మణికట్టు పట్టుకుని, "వద్దురా" అన్నాడు మెల్లగా. విడిపించుకుని, బిళ్ల తీసి అందరి ముందూ పెట్టాడు.

"కన్నాలు నేనే మూశాను. మా ఆఫీసరు చూస్తే నవ్వుతాడని, అంతే. ఏరొచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది కూడా. ఫోను చేతిలో పట్టుకుని చెయ్యలేదు. గోడలో లోపం లేదు. మీ కన్నాలు మూయకండి."

పాలాయన చూపు కాళ్ల మీదికి పోయింది. అక్క వంగి బిళ్లను వేలితో ఒకసారి తడిమింది.

"ఫోను చేతిలో ఉందా?" అంది.

"ఉంది."

"ఎన్నింటికి?"

"పదకొండు."

"నేను మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని కుట్టానురా," అంది అక్క. తిట్టలేదు. లోపలికి వెళ్లిపోయింది. లోపల అంటే ఏముంది, వెనక గోడే లేదు. అటు తిరిగి కూర్చోవడం అందరికీ కనిపిస్తూనే ఉంది.

వీధివాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చిన్న ఇంజినీరు తల దించుకుని అక్కడే నిలబడిపోయాడు. పెదనాన్న బిళ్లను ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు, అంచుల వెంబడి బొటనవేలు పోనిచ్చాడు. నడుమెత్తు నీళ్లకు గోడ పడిపోయింది గానీ ఆ బిళ్లకు ఒక్క బీట కూడా లేదు.

"పూత మాత్రం బాగా పెట్టావురా," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక పెదనాన్న తన పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. చిన్న ఇంజినీరు ఆ మట్టికుప్ప మీదే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.