పిడికెడు పాత పొట్టు

ఒక పెట్టెలోని పొట్టు ఇంకో పెట్టెలో ఎందుకు వేయకూడదో అతనికి ఎవరూ చెప్పలేదు. వేయకూడదని మాత్రం కాగితం మీద రాసి గోడకి అంటించారు. కారణం చెప్పనివాళ్లదే తప్పు. అందులో అతనికి సందేహం లేదు.

ఆ రోజూ ఏడింటికల్లా మందుల పరిశోధనశాలలోని ఎలుకల గదిలో ఉన్నాడు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఎలుకని తోక మొదట్లో పట్టుకుని పక్కకి మార్చడం, తడిసిన రంపపుపొట్టు గీకి పారేయడం, పెట్టె కడిగి ఆరబెట్టి కొత్త పొట్టు పరవడం. చాకలి సోడా నీళ్లకి వేళ్ల కొనలు నానిపోయి ఏడాది పొడుగునా పగులుతూనే ఉంటాయి. ఎడమ బొటనవేలి గోరు, ఎప్పుడో ఎలుక కొరికింది, వంకరగా పెరిగింది.

కొత్త పొట్టులో తమ వాసన దొరక్క ఎలుకలు రెండు రోజులు కొట్టుకుంటాయి. చెవులు కొరుక్కుంటాయి. అందుకని అతను ఎలుకలు నెమ్మదిగా ఉన్న పెట్టెలోంచి పిడికెడు పాత పొట్టు తీసి అన్నిట్లోనూ చల్లేవాడు, పాలలో తోడు వేసినట్టు. గది సద్దుమణిగేది. ఆ కిటుకు తనే కనిపెట్టానని లోపల కాస్త గర్వం.

ఆ ఎలుకలన్నిటికీ కాలేయం గట్టిపడి మచ్చలు కట్టేలా ముందే చేశారు. సగానికి ఒక చేదు వేరు సారం పట్టేవారు, సగానికి ఉత్త నీళ్లు. అతని భార్యదీ అదే జబ్బు. చుక్క ముట్టని మనిషి. ఆమె పొట్టలో నీరు చేరినప్పుడు ఎదురింటాయన, ఇంట్లో తాగేది నువ్వా ఆవిడా అని నవ్వుతూ అడిగాడు. అతను ఆ మనిషితో మళ్లీ మాట్లాడలేదు. ఎలుకల తర్వాత మనుషులకిస్తామనీ, ఆమె పేరే ముందు రాస్తాననీ ఆ పరిశోధన చేసే డాక్టరమ్మ మాటిచ్చింది. అది విని భార్య, “ఎలుకల వెనకాల నిలబెట్టారా నన్ను? పిల్లి రాకుండా చూడండి మరి,” అంది.

పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. నీళ్లు తాగినవాటికీ మచ్చలు తగ్గాయట, మందు తాగినవాటితో సమానంగా.

“బాబాయ్, పొట్టు ఎప్పుడైనా కలిపావా?”

ఇరవై ఆరేళ్లలో ఒకరిచేత మాట పడలేదు.

“లేదమ్మా.”

అప్పుడు చెప్పింది కారణం. ఆ వేరు నేరుగా పనిచేయదట. పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని తిని మరో పదార్థంగా మారిస్తే, అది మచ్చల్ని కరిగిస్తుందని ఆమె నమ్మకం. ఎలుకలు పెంటికలు తింటాయి గనక, పొట్టు కలిస్తే ఆ జీవులూ మందూ కూడా అవతలివాటికి చేరిపోతాయి. కలవలేదంటే, మందు లేకుండానే అన్నీ బాగుపడ్డట్టు.

“అంటే మందు గొప్పేం లేదు బాబాయ్. ఆపేస్తారు.”

గడప దగ్గర కాసేపు నిలబడింది. అతను తోమిన పెట్టెనే మళ్లీ తోమాడు. నిజం చెబితే మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు. నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి లేదన్న నోటితో అవునని ఎలా అంటాడు? తల ఎత్తేసరికి ఆమె వెళ్లిపోయింది.

సాయంత్రం భార్య కిటికీ దగ్గర దిండ్లకి ఆనుకుని ఉంది. కళ్లు పసుపుపచ్చ. ఎలుకలెలా ఉన్నాయంది. బాగున్నాయన్నాడు. అన్నీనా అంది. అన్నీ అన్నాడు.

“అయితే నా వంతు వచ్చినట్టే.”

అతను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి, చాలాసేపు కడుక్కున్నాడు.

నలభై రోజులు తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం ఆమె గోడవైపు ఒత్తిగిలి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు.

డాక్టరమ్మ పలకరింపుకి వచ్చింది. వెళ్లబోతూ, ఇప్పుడైనా చెప్పు బాబాయ్, నిన్నేమీ అనను, ఇంకొకరికైనా పనికొస్తుంది అంది.

“ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకండి.”

ఎవరి దగ్గరా అతనూ ఎత్తలేదు. ఆమె వెళ్లాక తలుపు మూశాడు. తలుపు వెనక మేకుకి, రోజూ పొద్దున తను భార్య పొట్ట చుట్టూ కొలిచిన దర్జీ టేపు వేలాడుతోంది, నూటనాలుగు సెంటీమీటర్ల దగ్గర పెన్ను గీతతో.