నాలుగో చరణం

మైపాడు దగ్గర మా చర్చిలో కోతల పండగకి ఒక ఆచారం ఉండేది. సంఘమంతా పాట పాడుతుండగా ఒకరు నల్లబల్ల మీద ఆనాటి వాక్యానికి బొమ్మ వెయ్యాలి. పాట ఆగితే సుద్దముక్కా ఆగాలి. పాట పూర్తయ్యేదాకా బొమ్మని ఎవరూ చెరపకూడదు.

1960లో ఆ పని బడిపంతులమ్మ ఏసుమణికి దక్కింది. పాట ఎత్తుకునేది గుండ్రటి కళ్లద్దాల సంఘపెద్ద జ్ఞానప్రకాశం. తన మేనల్లుణ్ణి కాదని ఆమెకిచ్చారని ఆయనకి కడుపుమంట. నాలుగు చరణాల పాటని మూడింటితో ఆపేశాడు. బల్ల మీద పడవ ఉంది, మనుషులు లేరు.

"మన టీచరమ్మది నత్త చెయ్యి. మనుషులు వచ్చే ఏటికి ఎక్కుతారులే," అన్నాడు. చర్చంతా నవ్వింది. మర్నాటి నుంచి బడిపిల్లలకీ ఆమె నత్త టీచరే.

మరుసటి ఏడూ తనకే ఇమ్మని పాస్టరుగారిని బతిమాలి ఒప్పించింది. ఈసారీ ఓడితే మళ్లీ బల్ల ముట్టనంది.

తిండి మాని, టీనీళ్ల మీద బతుకుతూ గీసింది. ఏ గీత గీసినా జ్ఞానప్రకాశం నవ్వే కనిపించేది. చెరిపేది. చెయ్యి ఇంకా మందగించింది.

ఒక పొద్దున ఒడ్డున తడి ఇసకలో పుల్లతో గీస్తుంటే, చేపలమ్మే కామాక్షమ్మ బుట్ట దించింది.

"ఏం మే, గీసేదానికన్నా చెరిపేదే ఎక్కువగా ఉండాదే."

"కుదరలేదక్కా."

"చెరిపే పని అలకి వదిలెయ్. అది వచ్చేలోగా మనిషిని నిలబెట్టు. పొద్దున ఏం తిన్నావు?"

"టీ తాగినా."

"ఆ చెయ్యి వణక్క ఏం చేస్తాది? నేను చేప కోసేటప్పుడు కత్తిని చూడను, కోత యాడ ఆగాలో ఆడ చూస్తా. నువ్వు పుల్లనే చూస్తా ఉండావు."

"ఆయన మీద పగ తీర్చుకోవాలక్కా."

"తీర్చుకో. తిని తీర్చుకో."

ఆనాటి నుంచి దీపం పెట్టగానే అన్నం, పెందలాడే నిద్ర, పొద్దున్నే రాగి సంగటి, ఆపైన ఇసక. కోపాన్ని చెప్పులతోపాటు ఒడ్డున విడిచి గీసేది, తిరిగొచ్చేటప్పుడు తొడుక్కునేది. మొదట్లో తల లేని మనుషుల్ని అల పట్టుకుపోయేది. పండగ నాటికి కళ్లూ కనుబొమలతో సహా పట్టుకుపోతోంది.

పండగ వచ్చింది. ఆనాటి వాక్యం ప్రార్థనకి వచ్చిన గర్విష్ఠి, దీనుడి కథ. జ్ఞానప్రకాశం బల్లకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి పాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికే ఇద్దరు మనుషులూ నిలబడ్డారు. ఇంకా వ్యవధి ఉంది. గర్విష్ఠికి గుండ్రటి కళ్లద్దాలు తగిలించింది. చెవిలో వెంట్రుకల కుచ్చు పెట్టింది. కోటు జేబులో మడత రుమాలు దోపింది.

ఆడవాళ్ల వైపు కిసుక్కుమన్నారు. నత్త టీచర్ని చూసి నవ్వుతున్నారనుకుని జ్ఞానప్రకాశం హుషారుగా గొంతు పెంచాడు. మూడో చరణంతో ఆపి, వెనక్కి తిరిగాడు. చేత్తో తన కోటు జేబులోని రుమాలు తడుముకున్నాడు.

"చెరుపు," అన్నాడు.

"పాట ఇంకా కాలేదు పెద్దయ్యా. నాలుగో చరణం ఉండాది. పోయినేడూ మరిచిపోయినారు."

వెనక నుంచి ఎవరో ఆ చరణం అందుకున్నారు. సంఘమంతా కలిసింది, తొందర లేకుండా, ప్రతి మాటా సాగదీస్తూ. ఆ బొమ్మ పక్కనే ఆయన నిలబడి ఉండగా ఏసుమణి చేతికంటిన సుద్ద దులుపుకుంది.