లైప్‌జిగ్‌లో షష్టిపూర్తి గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. మూత ఉంది కనుక గిన్నెలలో కాస్త కులీనమైనదాన్నని అనుకుంటాను. నా పూర్వజన్మ ఏమిటో తెలియదు. ఏ పాత ఓడలోనో, ఏ ఆస్పత్రి బల్లలోనో ఉండి కరిగి, రేకునై, చివరకు ఒక యంత్రం కింద పడ్డాను. మనుషులు తమ వ్యక్తిత్వం రూపుదిద్దుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పట్టిందని చెప్పుకుంటారు. నాది ఒక్క గుద్దుతో పూర్తయింది.

నామకరణం అమలాపురంలో, ఒక పాత్రల కొట్టులో జరిగింది. పళ్ల డాక్టరు మరలాగా రొదపెట్టే సూదితో నా పొట్టమీద ‘కొత్తలంక పేర్రాజు గారి షష్టిపూర్తి’ అని చెక్కారు. దాని కింద ఆయన పుట్టిన తేదీ, ఒక చిన్న గీత, ఆ గీతకు అవతల అరవై నిండిన తేదీ. భోజనం చేసి వెళ్లే అతిథి చేతిలో ఇలాంటి గిన్నె ఒకటి పెట్టడం మా వైపు ఆనవాయితీ. తన పేరు చరిత్రలో నిలవదని రూఢి అయిన మనిషి దాన్ని పప్పుగిన్నెమీద నిలుపుకుంటాడు. ఇందులో తప్పేమీ లేదు. చరిత్రకన్నా పప్పునే ఎక్కువమంది రోజూ చూస్తారు.

నేను పేర్రాజుగారి మేనకోడలు విరజ వాటాకు వచ్చాను. ఆమె మట్టిని పరిశోధించే శాస్త్రవేత్త. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఒక పరిశోధనశాల ఏడాదిపాటు ఉద్యోగమిస్తే, నా నిండా అవిసెగింజల పొడి కూరి, పెట్టెలో బట్టల మధ్య పడుకోబెట్టి విమానమెక్కింది.

అక్కడ ఆమెకు మట్టితో స్నేహం వెంటనే కుదిరింది. మనుషులతో కుదరలేదు. సహోద్యోగులు మర్యాదస్తులు, కలిసి కాఫీ తాగుదామంటే సంతోషంగా ఒప్పుకొని, వచ్చే నెలలో ఒక గురువారం చూపించేవారు. ఇక తెలుగువారి సమావేశానికి వెళితే, ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు, ఇంటిపేరేమిటి అని అడిగి, తమకు కావలసిన సంగతి రాబట్టుకున్నాక ప్లేటులో ఇంకో గారె వేసి వాట్సాప్ గుంపులో చేర్చారు. ఆనాటినుంచి ఆమెకు ప్రతి ఉదయం గులాబీల బొమ్మలు వచ్చేవి. మనుషులు మాత్రం వచ్చేవారు కారు.

అలాంటి రోజుల్లో పక్కింటి ఎడిత్ క్రామర్ ఆమెను తిట్టింది. ఎడిత్ కోర్టులో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒంటరి మనిషి. గాజుసీసాను కాగితాల డబ్బాలో వేసినందుకు విరజను మెట్లమీద నిలబెట్టి, చెత్త వర్గీకరణ సమస్తం బోధించింది. ఇంకొకరైతే నొచ్చుకునేవారు. విరజ మాత్రం పొంగిపోయింది. ఎన్నాళ్లకో ఒక మనిషి ఆమెతో పూర్తి వాక్యాలలో మాట్లాడింది!

మర్నాడే నన్ను పట్టుకొని ఆ ఇంటి తలుపు తట్టింది. ఆమె జర్మన్ భాష నేలపొరల గురించి ఉపన్యసించడానికి సరిపోతుంది కాని వంటింటిదాకా రాదు. “ఇది మీకు,” అని మాత్రం అంది.

ఎడిత్ కళ్లద్దాలు సవరించుకొని నా పొట్టమీది అర్థంకాని లిపిని చూసి, గీతకు అటూ ఇటూ ఉన్న తేదీలను చదివింది. మూత ఎత్తింది. లోపల బూడిదరంగు పొడి, కాల్చిన వాసన. మూత ఠక్కున మూసేసింది.

“ఎవరు ఈయన?” అంది గొంతు తగ్గించి, పేరుమీద వేలుపెట్టి.

“మా మామయ్య. పేర్రాజు,” అంది విరజ గర్వంగా. “మా ఊరినుంచి నాతోనే తెచ్చుకున్నాను. మీ దగ్గర ఉంచండి.”

“నా దగ్గరా?”

“ఇక్కడ నాకు మీరు తప్ప ఎవరున్నారు?”

ఎడిత్ కళ్లు చెమ్మగిల్లాయి. విరజ చేతిని రెండు చేతులతో పట్టుకొని తల వంచింది. ఈ దేశంలో కారప్పొడికి ఇంత గౌరవమా అని మురిసిపోతూ విరజ ఇంటికి వెళ్లింది.

ఆ విధంగా నేను చితాభస్మ కలశాన్నయ్యాను. పుస్తకాల అరలో, మంచి తెల్లగుడ్డమీద నాకు స్థానం దొరికింది. రోజూ కొవ్వొత్తి, వారానికొకమారు పూలు. “శుభోదయం, హెర్ పేర్రాజు,” అని ఎడిత్ పలకరించేది. హెర్ అంటే అక్కడ శ్రీయుతులు. ఆ రాష్ట్రంలో అస్థికలను శ్మశానంలోనే ఉంచాలని, ఇంట్లో దాచుకోవడం చట్టవిరుద్ధమని ఆమె నాతోనే చెప్పింది. వీధి ఖాళీగా ఉన్నా ఎర్రదీపం దాటని మనిషి ఆమె. మీటరు చూసే ఉద్యోగి వచ్చినప్పుడు నన్ను దుప్పటి కింద దాచి, అతడు వెళ్లేదాకా దుప్పటికి కాపలా కాసింది. కూరగిన్నెకు ఇంతకుమించిన వైభవం ఉంటుందా?

కాని గోడ పల్చన. అవతల విరజ స్పీకరు పెట్టి ఫోనులో పేర్రాజుగారితో మాట్లాడుతున్నది నాకు వినిపించింది.

“గిన్నె తిరిగి రాలేదు మావయ్యా.”

“ఖాళీగా ఇవ్వడం ఇష్టంలేక ఏదన్నా వండుతుందేమోనే.”

“నెల దాటింది. ఖాళీగా ఇచ్చినా సరిపెట్టుకుందును.”

“పోనీ వెళ్లి అడుగు.”

“ఇచ్చిన గిన్నె అడగడానికెళ్తే ఏం బావుంటుంది? మెట్లమీద కనపడితే జాలిగా చూసి తప్పుకుంటోందావిడ. ఇంకో ఏడాది ఉంటారా అని ఆఫీసులో అడుగుతున్నారు. ఉండనని చెప్పేస్తాను మావయ్యా. ఒక్క గిన్నె అటూ ఇటూ తిరగని చోట ఎలా ఉంటాం?”

నేను అరలో కొవ్వొత్తి వెలుగులో నిగనిగలాడుతూ కూర్చున్నాను. మాకు పొట్ట ఇచ్చిన యంత్రం నోరు ఇవ్వలేదు.

పేర్రాజుగారి పుట్టినరోజు వచ్చింది. ఎడిత్ లెక్కలో అది వర్ధంతి. నల్లకోటు తొడుక్కుంది. ఒక చేత నన్ను, మరో చేత అంత్యక్రియల తర్వాత అక్కడ బంధువులకు పెట్టే వెన్నకేకును పట్టుకొని విరజ తలుపు కొట్టింది. విరజ ఫోనులో వీడియో కాల్‌లో మామయ్యకు శుభాకాంక్షలు చెబుతూనే తలుపు తీసింది.

“ఈ రోజు మీరు ఆయన దగ్గర ఉండాలి,” అంది ఎడిత్. “ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే నాకు జరిమానా వేస్తారు. అయినా మీరు నమ్మి అప్పగించారు.”

విరజ నల్లకోటును చూసింది. నన్ను చూసింది. గీతకు అటూ ఇటూ ఉన్న తేదీలను చూసింది. నవ్వు ముంచుకొచ్చి, ఉన్న నాలుగు జర్మన్ ముక్కలూ మరిచిపోయింది. మూత తీసి చిటికెడు పొడి నాలుకమీద వేసుకుంది.

ఎడిత్ కెవ్వుమని గోడకు ఆనుకుంది.

“ఎవరే ఆ నల్లకోటు దొరసాని?” విరజ చేతిలో అటు ఒరిగిన ఫోనులోంచి పేర్రాజుగారి గొంతు ఖంగుమంది. “మొహం అలా పెట్టుకుందేంటి? ఎవరన్నా పోయారా?”

“నువ్వే మావయ్యా!”

ఫోనును ఎడిత్ కళ్లముందు పెట్టి, “మా మామయ్య. పేర్రాజు,” అంది. తెరమీద శ్రీయుత పేర్రాజు జీడిపప్పు పాకం నములుతూ కనిపించారు. ఎడిత్ ఆయనను, నన్ను, మళ్లీ ఆయనను చూసి మెట్లమీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వసాగింది.

సంగతంతా విన్న పేర్రాజుగారు, “ఆయ్! నాకు రోజూ దీపం పెట్టిందా? మీ అత్తయ్య ఒక్కనాడన్నా కాఫీ వేడిగా ఇచ్చిన పాపాన పోలేదు. ఆవిడింట్లో ఇంకో అర ఖాళీ ఉందేమో కనుక్కో,” అన్నారు.

ఆ మధ్యాహ్నం ఎడిత్ వేడన్నంలో నెయ్యి వేసుకొని, ఇన్నాళ్లూ తాను పూజించిన పదార్థాన్ని కలుపుకొని తింది. మొదటి ముద్దకు కళ్లు మూసుకుంది; రెండో ముద్దకు కారం తగిలి తెరిచింది. పళ్లెం ఖాళీ అయ్యాక, “హెర్ పేర్రాజు చాలా రుచిగా ఉన్నారు,” అంది.

“నేను రావట్లేదు మావయ్యా,” అంది విరజ సాయంత్రం ఫోనులో. “ఇంకో ఏడాది ఉంటాను.”

“ఉండవే. పొడి అయిపోతే చెప్పు.”

ఇప్పుడు నాకు కొవ్వొత్తి లేదు, పూలు లేవు. దైవత్వం పోయి తిరుగుడు మిగిలింది. విరజ ఇంట్లో పులిహోరతో బయలుదేరితే ఎడిత్ ఇంట్లో పళ్లతో నిండి వెనక్కి వస్తాను. ప్రతి ఆదివారం ఫోను మోగగానే పేర్రాజుగారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

“ఇవాళ ఎక్కడున్నానే నేను?”

“పక్కింట్లో మావయ్యా. నీలో చెర్రీలు పోస్తోంది.”