పులస మోసిన ఐస్‌క్రీమ్ డబ్బా

నేను ఒక ఐస్‌క్రీమ్ డబ్బాను. రెండు లీటర్లదాన్ని. మూత మీద పిస్తాపప్పులు, చెర్రీపండు బొమ్మ. కార్ఖానాలో ప్లాస్టిక్ గుళికలు కరగబెట్టి అచ్చులో పోస్తే పుట్టాను. నాలో ఐస్‌క్రీమ్ ఉన్నది ఒక్క సాయంత్రమే. పాలకొల్లులో సూరన్న మాస్టారి మనవలు గంటలో నన్ను నాకి వదిలేశారు. ఆ తర్వాత ఓసారి గోంగూర, ఓసారి రుబ్బిన పిండి. అయినా ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ఫ్రిజ్ తెరిచి ఆశగా నా మూత తీసేవాడు. ఈ మనుషులకి బుద్ధి ఎప్పుడొస్తుందో ఏమో!

పోయిన శ్రావణంలో నాలోకి పులస చేప దిగింది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా గోదారోళ్ళు. మాస్టారు మాత్రం తినడానికి కొనలేదు, రాజీకి కొన్నారు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన రిటైరైన రోజు విందులో పులస పులుసు పెట్టారు. నడిమి ముక్క హెడ్మాస్టరుకి వెళ్ళింది, భార్య మంగతాయారు అన్నగారైన చిట్టబ్బాయికి తోక ముక్క వచ్చింది. అంతే! ఆయన విస్తట్లోనే చెయ్యి కడిగేసుకుని నర్సాపురం బస్సెక్కేశాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. మంగతాయారుకి తోడబుట్టినవాడు ఆయనొక్కడే. రాఖీ పున్నమొస్తే ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను ఫ్రిజ్ తలుపు సందులోంచి చూశాను.

"చిట్టబ్బాయిగారు మీ సందు మొగలో కనిపించారండీ" అని పూలమ్మే ఆవిడ చెప్పడం ఆలస్యం, బావగారు భోజనానికొస్తారని మాస్టారు నన్ను ఫ్రీజర్‌లోంచి తీసి పెరట్లోకి లాక్కెళ్ళి, చేప కరగడానికి చాకిరేవు బండ మీద ఎర్రటెండలో పెట్టేవారు. పక్కనే కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కాపలా. గొడుగు ఆయనకేలెండి, నాకు కాదు. పాత డ్రిల్లు మాస్టారు కదా, పిల్లి వస్తే విజిల్, కాకి వస్తే రెండు విజిళ్ళు. సాయంత్రమైనా బావగారు రారు. కరిగి నీళ్ళోడుతున్న చేపని మళ్ళీ ఫ్రీజర్‌లోకి తోసేవారు. ఇలా నాలుగుసార్లు!

మంగతాయారు అంగన్‌వాడీలో పనిచేసిన మనిషి. మొత్తుకునేది: "ఏవండీ, ఎండలో కాదండీ. ఫ్రిజ్ కింది అరలో పెడితే నిదానంగా కరుగుతుంది. కరిగింది ఆ పూటే వండెయ్యాలి. మళ్ళీ గడ్డకట్టిస్తే విషం."

"గడ్డకట్టిందంటే కొత్తదే! రాయిలా లేదూ?" అనేవారు మాస్టారు. ఆయన దృష్టిలో గట్టిగా ఉన్నదల్లా ఆరోగ్యంగా ఉన్నట్టే.

అయిదోసారి పూలావిడ కబురు తెచ్చింది. మాస్టారు బండ మీద పెట్టేలోపు మంగతాయారు నా మూత తీసింది. అబ్బా, ఆ కంపు! సొంత కడుపైనా నేనే తట్టుకోలేకపోయాను.

"ఇది మా అన్నయ్యకి పెట్టను."

"పులస లేకపోతే మళ్ళీ అవమానం అంటాడే! ఈ జన్మలో రాడిక!"

"రాకపోతే మానె. బతికుంటాడు."

అరటి పాదు పక్కన గొయ్యి తీసి చేపని పూడ్చేసింది. మాస్టారు అటెన్షన్‌లో నిలబడి చూశారు. ఆవిడ చేతులు కడుక్కుని, పెరటి గుమ్మంలో చతికిలబడి భోరుమంది. తర్వాత ముక్కు చీదుకుని ఫోను తీసింది.

"అన్నయ్యా, పులస పాడైపోయింది. టమాటా చారుంది. అన్నానికి వస్తావా?"

అవతల చిట్టబ్బాయి ఫోను పెట్టేశాడు. ఆవిడ మొహం పాలిపోయింది.

పది నిమిషాలు కాలేదు, చిట్టబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. చారన్నం మూడుసార్లు కలిపించుకుని జుర్రుకుంటూ తిన్నాడు. మాస్టారు ఉండబట్టలేక నన్ను తెచ్చి ఆయన ముందు పెట్టారు. "నాలుగుసార్లు పులసని తీసి ఎండలో పెట్టాను బావా! ఒట్టు, నీకోసమే!"

చిట్టబ్బాయి ఖాళీ డబ్బానైన నన్ను చూశాడు, చెల్లెల్ని చూశాడు.

"నాలుగుసార్లు బస్సెక్కి మీ సందు మొగదాకా వచ్చి, పిలవని ఇంటికి ఎలా వెళ్తానని వెనక్కి పోయానే. చేపని అన్నిసార్లు ఎండబెట్టారు గానీ, ఇవాళ చేసిన ఆ ఫోను ఏదో మొదటిసారే చెయ్యలేకపోయారుటే?"