సంఘం పాత చిరునామా

అక్క పోయిన రోజే మ్యాపుల నిపుణుల సంఘానికి ఆఫీసు కూడా పోయింది. అధ్యక్షురాలిగా ఆవిడ దాన్ని తన ఇంటి ముందుగదిలోనే నడిపింది. కార్యదర్శి అయిన తమ్ముడు బల్లలూ కంప్యూటర్లూ మార్కెట్ వెనక అద్దెగదికి చేర్చాడు. ఆన్‌లైన్ మ్యాపులో సంఘం గుర్తు మాత్రం అక్క ఇంటి మీదే ఉండిపోయింది. కొత్త సభ్యులు ముందు అక్కడికెళ్లి, తర్వాత చెమటలు కక్కుకుంటూ ఇక్కడికొచ్చేవారు.

“దీపం కింద చీకటంటే ఇదే కార్యదర్శి గారూ! లోకానికి దారి చూపుతాం, మన గడప మాత్రం మనకే తెలియదు,” అని కోశాధికారి దెప్పాడు.

“ఇవాళ మార్చేస్తాను.”

గుర్తును జరపబోయి ఆగాడు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగి, చివరికి బావకు ఫోన్ చేశాడు.

“బావా, ఇకనుంచి మీకు ఆ బెడద ఉండదు. మ్యాపు సరిచేస్తున్నాను.”



“పొద్దున ఇద్దరొచ్చార్రా. మంచినీళ్లిచ్చి, మీ అక్క సంగతులు చెప్పి పంపాను. రేపూ ఎవరైనా వస్తారేమోనని ముందుగది ఊడ్చి పెట్టాను.”

కార్యదర్శి ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

సంఘం చిరునామా ఇంకా మార్చలేదు.