డాబా మీద బాపు గుడారం

మా బాపు, అంటే మా నాన్న పెద్దులు, ఫోనైనా చెయ్యకుండా వచ్చి అశోక్‌నగర్‌లో మా హాస్టల్ ముందు నిలబడ్డాడంటే, నన్ను ఇంటికి తీసుకుపోవడానికే అనుకున్నాను. మూడేళ్ళు, రెండు గ్రూప్ పరీక్షలు, ఒక్క ఉద్యోగమూ లేదు. పద అంటే ఎదురు చెప్పే మొహం నాకు లేదు. పోవాలని మాత్రం రవ్వంత కూడా లేదు.

వచ్చీ రాగానే ఇంకో పరేషాన్. గదుల్లో బయటివాళ్ళు పడుకోకూడదని హాస్టల్ గోడ మీద బోర్డు. లాడ్జికి పోదామంటే బాపు ససేమిరా అన్నాడు. నా రూమ్మేట్ క్రాంతికుమార్ పాలిటీ చదివి చదివి, రూల్ కనబడితే చాలు సందు వెతికే రకం. బోర్డు రెండుసార్లు చదివి చిటికేశాడు.

"గదులల్ల అనే రాసిండు. డాబా మీద అని రాయలే. బాపు, నువ్వు పైన పండు, ఎవడు ఆపుతడో నేను చూస్త!"

అది 2012 మే నెల, సాయంత్రం. మబ్బు పట్టింది, కాబట్టి గుడారం కావాలి. డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక రెండు కూలర్ స్టాండ్లు, విరిగిన మంచం పైపు, తెగిన కేబుల్ వైరు, ఏదో కోచింగ్ సెంటర్ పారేసిన పెద్ద ఫ్లెక్సీ దొరికాయి. ఫ్లెక్సీ నిండా పాసైనవాళ్ళ ఫొటోలు.

మొదట మేమిద్దరం మా తెలివి చూపించాం. స్లాబులోంచి పైకి లేచిన ఇనుప చువ్వలకు ఫ్లెక్సీని నిటారుగా, గాలికి ఎదురుగా బిగించాం. మేం రోజూ చూసే ఫ్లెక్సీలన్నీ అలాగే నిలబడి ఉంటాయి మరి! ఒక్క గాలి కొట్టింది. ఫ్లెక్సీ ఎగిరి పక్కింటి డాబా మీద బుల్లెమ్మగారి బట్టల తీగకు చుట్టుకుంది.

"నా చీరెల మీద ఈ మొకాలన్ని ఎవరియయ్యా?" అని ఆవిడ అరుపు.

బాపు కడుపు పట్టుకొని నవ్వాడు. నలభై ఏళ్ళు గొర్రెల మంద వెంట ఊరూరా తిరిగి ఆరుబయట పడుకున్న మనిషి. తలపాగా బిగించి పనిలోకి దిగాడు.

"గాలి ముందట ఛాతి ఇరుసుకోని నిలవడొద్దు బిడ్డా. వీపు వెట్టాలె. నడుమంత ఎత్తు సాలు."

స్టాండ్ల మీద మంచం పైపు అడ్డంగా కట్టి, పక్కింటి నుంచి తెచ్చుకున్న ఫ్లెక్సీని ఫొటోలు లోపలికి వచ్చేలా కప్పాడు. స్లాబులో మేకులు దిగవే అని మేం తల పట్టుకుంటే ఖాళీ నీళ్ళ సీసాలు తెమ్మన్నాడు. హాస్టలంతా తిరిగి ముప్ఫై తెచ్చాం. వాటిలో నీళ్ళు నింపి, కేబుల్ వైరుతో అంచుల పొడుగునా కట్టాడు. మళ్ళీ గాలి కొట్టింది. గుడారం కదల్లేదు కానీ కరెంటు పోయింది. క్రాంతి సెల్‌ఫోన్ టార్చి వేసి, దాని మీద ఒక నీళ్ళ సీసా నిలబెట్టాడు. లోపలంతా వెలుగు పరుచుకుంది. కింది గదుల వాళ్ళు పుస్తకాలు పట్టుకొని ఒక్కొక్కరే వచ్చి దూరారు. వాన మొదలైంది, చుక్క కూడా లోపల పడలేదు. ఈయన మా బాపు అని ట్యాంక్‌బండ్ దాకా వినబడేలా అరవాలనిపించింది.

కాసేపటికి ఉక్కపోసింది. గాలికి సందు కోద్దామని బాపు మొలలోంచి కత్తి తీసి పైకి చూశాడు.

"గీళ్ళందరు నౌకరీలు వచ్చినోళ్ళా?"

"అవు బాపు."

"నీ ఫోటువ ఏది?"

అందరూ పుస్తకాల్లోకి తలలు దించేశారు.

"నాది ఇంక రాలే," అన్నాను.

బాపు వాన కొట్టని వైపు, ఆఖరి వరస చివర, ఏ మొహానికీ కత్తి తగలకుండా, ఫొటో అంత కిటికీ కోశాడు. చల్లగాలి లోపలికి వచ్చింది. ఇక ఆపుకోలేకపోయాను.

"నన్ను ఇంటికి తోల్కపోనీకి వచ్చినవా బాపు?"

"ఎవడు సెప్పిండు? ఫోన్ల సక్కగ మాట్లాడుతలెవ్వు, తింటున్నవో లేదో సూసిపోదామని వచ్చిన." కిటికీ వైపు వేలు చూపించాడు. "గా జాగ నీకే ఖాళీ వెట్టిన. తొందరేం లేదు."

నేను ఏడుస్తూ నవ్వుతుంటే నా చేతిలో పుస్తకం పెట్టి, "ఎలుగున్నప్పుడే సదువు," అన్నాడు.