ఆఖరి ఇరవై నిమిషాలు

శాంతమ్మ మూడో నంబరు మంచం తుడిచి నాలుగో నంబరు దగ్గరికి వచ్చేసరికి లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మంగళవారం పొద్దుటి ఆరున్నర షిఫ్టు రోగులు వస్తున్నారు. ఆమె గుడ్డను మందునీళ్ల బక్కెట్లో ముంచి, పిండి, రెక్సిన్ పరుపును తలవైపు నుంచి కాళ్లవైపుకి ఒక్క ఊపున తుడిచింది. ఆ నీళ్లకు ఆమె వేళ్ల చివర్లు తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. యాభై నాలుగేళ్ల మనిషి, బక్కపలచన, నడిస్తే అడుగుల చప్పుడు వినపడదు. "ఆయమ్మ ఏది?" అని వార్డులో ఎవరైనా కేకేస్తే, నూటికి తొంభైసార్లు ఆమె వాళ్ల పక్కనే నిలబడి ఉంటుంది.

నరసరావుపేటలో అదొక మోస్తరు ఆసుపత్రి. రెండో అంతస్తులో డయాలసిస్ వార్డు. ఆరు మంచాలు, ఆరు మిషన్లు. మంగళ, గురు, శనివారాలు పొద్దుటి షిఫ్టులో ఎప్పుడూ ఆ ఆరుగురే. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఒక చేతికి సూదులు గుచ్చి ఉంటాయి కనుక మిగిలింది రెండో చెయ్యి. అందులో ఫోను, ఫోనులో సినిమా. ఏ మంచం మీద ఏ సినిమా నడుస్తోందో మిగతా ఐదు మంచాలకూ తెలియాల్సిందే, దాని మీద అందరూ ఓ మాట అనాల్సిందే.

మాచర్ల వైపు క్వారీల్లో ఇరవై ఏళ్లు లారీ తోలిన ఖాదర్ వలికి కొట్లాటలు కావాలి. ఫస్టాఫ్ నిద్రపోయినా నష్టం లేదు, ఇంటర్వెల్ దగ్గర లేస్తే చాలని అందరికీ సలహా ఇస్తాడు. ఐదో నంబరు మంచం ప్రసన్నలక్ష్మి టీచరు దయ్యం లేకపోతే అదసలు సినిమానే కాదంటుంది. నాలుగో నంబరు కోటేశ్వరరావుగారిది వేరే లెక్క. ఆయన పత్తి మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. పడుచుతనంలో ఒక హీరో అభిమాన సంఘానికి కార్యదర్శి. కటౌటుకు దండ వెయ్యబోయి, పైనుంచి పడి మెడ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నవాడు. ఆ విరిగిన ఎముకే ఆయన అర్హతాపత్రం. ఆయన నోటి నుంచి "ఒకసారి చూడొచ్చు" అన్న మాట వచ్చిందంటే ఆ సినిమా నిర్మాత ఇంట్లో దీపం పెట్టుకోవచ్చు.

ఇంత పిచ్చి ఉండీ ఆ ఆరుగురిలో ఎవరూ ఏ సినిమా చివరిదాకా చూడరు. ఇంకా ఇరవై నిమిషాలుందనగా ఆపేస్తారు.

రెండేళ్ల కిందట నాగభూషణరావు అనే ఆయన ఒక మంగళవారం మిషను మీదే సినిమా పూర్తి చేసి, భలే తీశాడ్రా అని నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాడు. గురువారం ఆయన మంచం ఖాళీ. నెల తిరిగేలోగా గురజాల నుంచి వచ్చే అంకమ్మ కూడా అంతే, క్లైమాక్స్ చూసి కళ్లు తుడుచుకుని పోయింది, మళ్లీ రాలేదు. సుధీర్ అనే కుర్ర లెక్చరరు ఈ పిచ్చినమ్మకం ఏంటని అందరినీ ఎగతాళి చేసి, పట్టుబట్టి, వినపడేట్టు సౌండు పెట్టి మరీ చివరిదాకా చూశాడు. శనివారం అతని దుప్పటి శాంతమ్మే మడతపెట్టింది. క్లైమాక్స్ చూడకుండా పోయినవాళ్లు కూడా ఉన్నారు, కానీ వాళ్లను జబ్బు ఖాతాలో వేశారు. డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారు. అప్పటినుంచీ వార్డులో కట్టుబాటు ఏర్పడింది. ముగింపు చూడకూడదు, ఇంకొకరి నోట వినకూడదు. ఇంటికి వెళ్లినా చూడకూడదు. ఎందుకంటే మళ్లీ ఎల్లుండి ఇక్కడికే రావాలి గదా, ఇంట్లో ఉన్నా మిషను మీద ఉన్నట్టే.

కానీ మనిషి ప్రాణం ఊరుకుంటుందా. అంతసేపు చూసింది చివరికి బాగుందో లేదో తెలియకపోతే అన్నం సహించదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆ మిగిలిన ఇరవై నిమిషాలు శాంతమ్మ ఇంటి దగ్గర చూస్తుంది. చూసొచ్చి, ఒక్క మాట చెబుతుంది. బాగుంది, లేదా పర్లేదు, లేదా దండగ. అంతకు మించి పెదవి విప్పదు. ఆమెకు కిడ్నీ జబ్బు లేదు గనక ఆమెకేం కాదని అందరూ కలిసి తీర్మానించారు. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కాదనలేదు.

నిజానికి మొదట్లో ఆమెకది సంబరంగానే ఉండేది. చిన్నప్పుడు నాన్న డేరా హాలుకు తీసుకెళితే, సరిగ్గా చివరి కొట్లాట మొదలవుతుండగా చెయ్యి పట్టి లేపేసేవాడు. గేటు దగ్గర తొక్కిసలాట అవుతుందని ఆయన భయం. పెళ్లయ్యాక మొగుడు ఇంటర్వెల్ దాటితే గుర్రుపెట్టేవాడు, అతన్ని లేపుకుని రావడంతోనే సరిపోయేది. మిరపకాయల తొడిమలు తీసిన పదిహేనేళ్లూ టీవీ సీరియళ్లే, వాటికి ముగింపు అన్నదే లేదు. ఆ మొగుడూ పోయాడు, ఈ వార్డులో పని దొరికాకే ఆమె సినిమాల చివరలు చూసింది. నూటికి పైగా చూసింది. ఒక్కటి కూడా ఎవరికీ చెప్పుకోలేదు. ఈమధ్య ఆమెకు భయంగా ఉంటోంది. మంచం తుడుస్తుంటే ఎవరెవరి చావులో, ఎవరెవరి ఏడుపులో కళ్ల ముందుకొస్తాయి. అవి సినిమాలో చూసినవో, ఈ వార్డులో చూసినవో ఒక్కోసారి తేల్చుకోలేకపోతోంది.

కోటేశ్వరరావుగారు బరువు చూసుకుని వచ్చి పడుకున్నాడు. కాళ్లు బాగా నీరు పట్టి, చెప్పుల పట్టీలు పాదాల మీద అచ్చు పడ్డాయి. సిస్టర్ మహేశ్వరి సూదులు గుచ్చింది. ఆయన మోచేతి దగ్గర పొంగిన నరం వేలు పెడితే జుమ్మంటుంది, లోపల తేనెటీగ ఉన్నట్టు. శాంతమ్మ సెలైన్ సీసాల అట్టపెట్టె ముక్కను ఆయన పొట్ట మీద నిలబెట్టి ఫోను ఆనించింది. శనివారం ఆయన ఆపిన సినిమానే తెర మీద ఉంది. ఖాదర్ వలి చెబితే ఆయన మొదలుపెట్టిన సినిమా అది. తప్పిపోయిన కొడుకు కోసం ఒక ముసలితల్లి పట్నమంతా తిరుగుతుంది. చివరికి ఒక ఇనప గేటు ముందుకొచ్చి చెయ్యెత్తుతుంది. అక్కడ ఆగి ఉంది, నోరు సగం తెరుచుకుని.

శాంతమ్మ ఆదివారం ఆ ముగింపు చూసింది. ఆ గేటు వెనక ఉన్నది శవాల గది. కొడుకు ఇంటర్వెల్ కంటే ముందు నుంచీ అక్కడే ఉన్నాడు. అది చూశాక ఆమెకు ముద్ద దిగలేదు. ఆయన అడిగితే "బాగుంది" అని ఊరుకుందామని నిశ్చయించుకునే వచ్చింది.

రెండు గంటలు గడిచేదాకా ఆయన ఏమీ అడగలేదు. ఫోను ముట్టుకోలేదు. తర్వాత వేలితో రమ్మన్నాడు. ఆమె దగ్గరికి వంగింది.

"మాటొద్దు శాంతమ్మా. కథ చెప్పు."

"చెప్పకూడదు గదా బాబాయ్."

"అయితే నేనే చూస్తా. ఈ బొటనవేలు ఇంకా ఆడతానే ఉంది."

అప్పుడు చెప్పాడు. పొద్దున ఇంట్లో కొడుకుతో, ఇక తనను గురువారం తీసుకెళ్లొద్దు అన్నాడట. ఆరేళ్ల నుంచి ఈ సూదులు, ఈ తాగే నీళ్ల లెక్కలు, ఇక చాలన్నాడట. ఆయన గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు. అదే ఆమెను భయపెట్టింది.

"నా బుర్రలో ఆ తల్లి మూడు రోజుల్నించి గేటు కాడే నిలబడుంది. ఆమెను ఏదో ఒక ఇంటికి చేర్చందే నేను పోలేనమ్మా."

 ఆ వార్డులో శాంతమ్మను చూసి, కాసేపు కూచోవే తల్లీ అనే మనిషి ఆయనొక్కడే. ఆయనంటే ఆమెకు ప్రేమ. నిజం చెబితే ముగింపు విన్నవాడవుతాడు. చెప్పకపోతే చూసినవాడవుతాడు. ఎటు చూసినా గురువారం ఈ మంచం ఖాళీయే. తలెత్తి చూసింది. ఆరు ఫోన్లలో నాలుగు అప్పటికే ఆపేసి ఉన్నాయి. నాలుగు తెరల మీదా నాలుగు మొహాలు నోళ్లు తెరుచుకుని, ఎవరైనా కదిలిస్తే కదులుదామన్నట్టు ఉన్నాయి.

ఆమె పుట్టి బుద్ధెరిగి ఒక్క కథ కూడా అల్లలేదు. కానీ మాటలు వాటంతటవే వచ్చాయి.

"గేటు తెరవరు బాబాయ్. లోపల్నించి ఒకాయన వచ్చి, నీ కొడుకు ఈడ లేడమ్మా, నిన్ననే ఊరికి పోయాడు అంటాడు. ఆమె బస్టాండుకొచ్చిద్ది. బస్సు కిటకిటలాడతా ఉంటది, అయినా కిటికీ పక్కన ఒక్క సీటు ఖాళీగా ఉంటది. కూచుంటది. గాలి కొడతా ఉంటది. ఇంటికాడ కొడుకున్నాడు గదా అని తల ఆనిచ్చి నిద్రపోద్ది."

"తర్వాత?"

"అంతే. ఊరొచ్చినా లెగవదు. బస్సు ఆగుంటది. పేర్లు పడతయ్."

 కొడుకును చూపించరా అని ఆయన అడిగాడు. చూపించరు అంది. ఆయన కళ్ల చివర్ల తడి చెవుల వైపు జారింది. శాంతమ్మ దూది తీసుకుని తుడిచింది.

"చూపించకపోవటమే బాగుంది," అన్నాడు. "ఒకసారి చూడొచ్చు."

ఆ తర్వాత, పొద్దున కొడుకుతో అన్న మాటే మరిచిపోయినట్టు, గొంతు పెంచి, ఎల్లుండి గురువారానికి మంచి సినిమా ఏదన్నా చెప్పమని ఖాదర్ వలిని అడిగాడు. ఖాదర్ వలి హుషారుగా మూడు పేర్లు చెప్పాడు, మూడింటికీ టీచరు పెదవి విరిచింది. శాంతమ్మ బక్కెట్టు పట్టుకుని బయటికి వచ్చి, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. ఆయన వస్తాడు. ఆ సంతోషంలో కూడా ఒక్క సంగతి ఆమెను గుచ్చుతూనే ఉంది. చెప్పిన ఆ ముగింపు ఏ సినిమాలోనిదో ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు.

రెండో షిఫ్టు ఎక్కించి, దుప్పట్లు లెక్కపెట్టి, మూడున్నరకు బస్టాండుకు చేరింది. ఎడమ భుజం కాస్త లాగుతోంది. పొద్దుటి నుంచి వంగి తుడిచినందుకేలే అనుకుంది. కోటప్పకొండ బస్సు క్రిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మెట్లదాకా ఆడవాళ్లే. కిటికీ పక్కన ఒక్క సీటు ఖాళీగా ఉంది. శాంతమ్మ ఒక్క క్షణం ఆగింది. వెనకనున్నవాళ్లు తోస్తుంటే వెళ్లి కూర్చుంది.

ఊరు దాటాక మబ్బు పట్టి ఎండ తగ్గింది. గాలి మొదలైంది. మిరపచేలు పోతున్నాయి, వాటి వెనక కొండ కనపడుతోంది. ఆయన గురువారం వస్తాడని ఆమెకు తెలుసు. తల కిటికీకి ఆనించింది. పక్కనున్న ఆవిడ, పాపం అలిసిపోయిందని, కాస్త జరిగి చోటిచ్చింది. ఆమె దిగాల్సిన యల్లమంద రాగానే కండక్టరు రెండుసార్లు పిలిచాడు. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. మూడోసారి ఆయనే వచ్చి భుజం తట్టాడు. తర్వాత బస్సు చాలాసేపు అక్కడే ఆగి ఉంది.

గురువారం కోటేశ్వరరావుగారు అందరికంటే ముందే వచ్చాడు. శాంతమ్మ సెలవు పెట్టిందని సిస్టర్ మహేశ్వరి అబద్ధం చెప్పింది. రోగులకు అప్పుడే చెప్పొద్దని డాక్టరుగారి మాట. ఆయన కులాసాగా ఉన్నాడు. ముగింపు విన్నా తనకేం కాలేదు గనక ఇక కట్టుబాటు కొట్టేసినట్టేనని ప్రకటించి, సూదులు గుచ్చుతుండగానే ఖాదర్ వలికి చెప్పడం మొదలుపెట్టాడు. ఖాదర్ వలి మొదట వద్దు వద్దంటూ చెవి మూసుకున్నాడు, తర్వాత చెయ్యి తీసేశాడు. టీచరు కూడా ఇటు తిరిగింది.

"కిటికీ పక్క సీటయ్యా. నిద్రపోద్ది. ఊరొచ్చినా లెగవదు. బస్సు ఆగుంటది, అంతే. నేను చానా సినిమాలు చూశా, ఇంత సల్లంగా ముగించినోడు లేడు."

ప్లాస్టరు అంటిస్తున్న మహేశ్వరి చెయ్యి ఆగిపోయింది. మంగళవారం సాయంత్రం, శాంతమ్మ ఐడీ కార్డు మీది ఆసుపత్రి నంబరు చూసి కండక్టరు ఫోను చేస్తే వెళ్లింది ఆమే. ఆగిన బస్సులో ఆ సీటు దగ్గరికి మొదట నడిచింది ఆమే.

"ఏందమ్మా అట్టా చూస్తన్నావ్? నువ్వు కూడా చూశావా?"

"చూశాను బాబాయ్," అంది.

బాగుంది గదా అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. మహేశ్వరి కోటు జేబులో చెయ్యి పెట్టుకుంది. శాంతమ్మ వేళ్ల మధ్య నుంచి తీసి కండక్టరు తన చేతికిచ్చిన టికెట్టు ఆ జేబులోనే ఉంది, వేలెడు కాగితం, ఎక్కింది నరసరావుపేట, దిగేది యల్లమంద, ఛార్జీ సున్నా.